ఫీనిక్స్ బే తీరాన కొన్ని ఉదయాలు

ఫీనిక్స్ బేలో సూర్యునికీ గడియారానికీ సఖ్యత లేదు. భారత కాలమానాన్ని తూర్పు రేఖాంశం 82½ డిగ్రీల ఆధారంగా లెక్కగట్టినారు. ఆ రేఖ మన కాకినాడ చేరువగా పోతుంది. అండమాన్ రాజధాని 92¾ డిగ్రీల చేరువలో ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున వేసికొంటే తేడా 41 నిమిషాలు. కనుక ఏప్రిల్, మే మాసాలలో అక్కడ అయిదు గంటలకే పొద్దు పొడుస్తుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. ఉద్యోగరీత్యా వెళ్ళినవారికి ఇది కొంత చికాకు. పక్షుల ఛాయాచిత్రాలు తీసే అలవాటున్నవారికి మాత్రం ఇంతకు మించిన వరం లేదు. కార్యాలయం తొమ్మిదింటికి తెరుస్తారు. అంతకు ముందు నాలుగు గంటల వెలుతురు మన సొంతం. దానికి ఎవరికీ సెలవు చీటీ వ్రాయనక్కరలేదు.

సంస్థ పనిమీద గత మూడేళ్ళలో నాలుగు పర్యాయాలు మేము అక్కడికి పోవలసివచ్చినది. అన్నీ కలిపి పదకొండు వారాలు. మా బస ఫీనిక్స్ బే జెట్టీకి ఎగువన, ఏటవాలు వీధిలో ఉండేది. రెండు పర్యాయాలు మా శ్రీమతి కూడా వెంట వచ్చినది. మన టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బు గోడకు ఈ మధ్య తగిలించిన పన్నెండు చిత్రాలను చూచి, ఇవి ఎక్కడివి, ఎలా తీశారు అని పలువురు మిత్రులు అడిగినారు. వారికి సమాధానంగా ఈ నాలుగు మాటలు.

ముందు ఊరి సంగతి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చినారు. రాస్ దీవి, నీల్, హేవ్‌లాక్ దీవుల పేర్లు అంతకు ముందే, 2018 డిసెంబరులో మారినవి. ఫీనిక్స్ బే మాత్రం జనం నోట ఫీనిక్స్ బేగానే నిలిచి ఉన్నది. స్వరాజ్ ద్వీప్‌కూ, షహీద్ ద్వీప్‌కూ, రంగత్‌కూ పోయే పడవలు ఇక్కడి జెట్టీ నుంచే కదలుతవి. ప్రక్కనే పడవల మరమ్మతు జరిగే డాక్‌యార్డు. తెల్లవారుజామున జెట్టీ దారిలో నిలబడితే చేపల గంపలు, కొబ్బరికాయల బస్తాలు, టిక్కెట్ల వరుసలు, వాటి నడుమ మన ఉత్తరాంధ్ర యాస. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు ఎన్నో. మొదటిరోజు ఉదయం మేము కెమెరా సంచి విప్పుతుండగానే కాపలాదారు దగ్గరకు వచ్చి, "జెట్టీ లోపల ఫొటోలు తియ్యకూడదండి, అదిగో ఆ గోడ అవతల నుంచి తీసుకోండి" అని అచ్చ తెలుగులో చెప్పినాడు. ఓడరేవులూ, విమానాశ్రయమూ, నౌకాదళ స్థావరాలూ ఉన్న ఊరు. కెమెరా పట్టుకొనేవారు ఎక్కడ నిలబడవచ్చునో ముందుగా విచారించుకొనుట అవసరం. గోడ అవతల నుంచి చూపు ఇంకా బాగుగా ఉన్నదని తరువాత తెలిసినది.

ఓడరేవు అనగానే మనకు గద్దలు గుర్తుకు వస్తవి. విశాఖ చేపల రేవులో ఎర్రగద్దలు ఎంత చొరవగా తిరుగుతవో మనమందరం ఎరిగినదే. అండమానులో గద్దలు బహు అరుదు. రాబందులు లేవు. సముద్రపు కాకుల గుంపులు కూడా ఇంచుమించు లేవు. ఆ ఖాళీని చూచి మొదటి రెండు రోజులు మేము కొంత నిరుత్సాహపడ్డాము. మూడవనాడు ఒక పెద్ద పక్షి రేవు మీదుగా నిదానంగా వచ్చినది. తల, పొట్ట తెలుపు. వీపు బూడిద రంగు. రెక్కలు చాచితే రెండు మీటర్ల పాటి ఉంటుంది. దానిని తెల్లపొట్ట సముద్రపు డేగ అంటారు. నీటిలో మునగకుండా, పైపైన వ్రేళ్ళతో గీకినట్లు పోయి చేపను పట్టుకొనిపోతుంది. ఆ ఒక్క క్షణానికై మేము పదిహేను ఉదయాలు గోడ దగ్గర నిలబడ్డాము. క్లబ్బులో ఉన్న మూడవ చిత్రం అదే. సెకనులో 1600వ వంతు వేగం పెడితే గాని ఆ రెక్కల కదలిక నిలువదు.

సముద్రపు కొంగ కథ వేరు. రాళ్ళ మీద రెండు కొంగలు ప్రక్కప్రక్కనే నిలిచి ఉంటవి. ఒకటి పాలవంటి తెలుపు, ఇంకొకటి సీసపు నలుపు. రెండు జాతులు అనుకొంటాము. జాతి ఒకటే, రంగులు రెండు. ఒకే కాన్పులో నల్లపిల్ల, తెల్లపిల్ల పుట్టినట్లు. ఛాయాగ్రాహకునికి ఇది పరీక్ష. కెమెరాలోని వెలుతురు మాపకం తాను చూచినదంతా సగటు బూడిద రంగు అనుకొనే అమాయకపు పరికరం. మడ చెట్ల చీకటి ముందు తెల్లకొంగ నిలిస్తే అది చీకటిని లెక్కలోకి తీసికొని వెలుతురును ఎక్కువగా లోపలికి పంపుతుంది; కొంగ ఈకలు కరిగిపోయి సున్నపు ముద్దవలె కనపడతవి. అప్పుడు ఒక మెట్టు తగ్గించవలెను. మెరిసే నీటి ముందు నల్లకొంగ నిలిస్తే సరిగ్గా దీనికి విపర్యయం. ఒక మెట్టు పెంచవలెను. రెండూ ఒకే చట్రంలో ఉంటే తెల్లదానిని కాపాడి నల్లదానిని దాని అదృష్టానికి వదలివేయుట మా పద్ధతి. 36 చిత్రాల ఫిల్ము చుట్ట వాడిన తరానికి ఈ లెక్క చేతికి అబ్బి ఉంటుంది. ఇప్పటి పిల్లలు వెనుక తెరలో చూచి సరిచేసుకొంటారు. అందులో తప్పేమీ లేదు గాని, వారు తెర చూచే లోపల కొంగ ఎగిరిపోతుంది.

పరికరాల సంగతిలో ఒక్క విషయం మన సంస్థవారికి ప్రత్యేకంగా చెప్పవలెను. ఆ దీవులలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. మన విశాఖకు దాదాపు మూడింతలు. వాన లేనినాడు కూడా గాలిలో ఉప్పు, తేమ. లెన్సు అద్దాల నడుమ బూజు పట్టుటకు ఒక్క వర్షాకాలం చాలు. సాలెగూడు వలె సన్నని పోగులు పాకి, ఆపైన అద్దాన్నే తినివేస్తుంది. దీనికి ఖరీదైన ఆరబెట్టు పెట్టెలు దొరుకుతవి. మా వద్ద ఉన్నది మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో అరకిలో సిలికా జెల్. ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్లలో మనం దశాబ్దాలుగా చూచిన గుళికలే. నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్లు; పెనం మీద సన్నసెగన వేయించితే మరల నీలం. (ఆ నీలపు రంగులో ఆరోగ్యానికి మంచిది కాని కోబాల్టు లవణం ఉన్నదని ఇప్పుడు నారింజ రంగు గుళికలు వస్తున్నవి. వేయించుటకు వంటింటి పెనం వాడవలదని మా శ్రీమతి ఉత్తర్వు.) ఇంకొక సూచన: చల్లని ఏసీ గదిలోనుంచి కెమెరాను సరాసరి బయటికి తెస్తే అద్దం చెమర్చి పది నిమిషాలు పనికిరాదు. మేము రాత్రంతా సంచిని వసారాలోనే ఉంచేవారము.

మా బస మెట్ల క్రింద, కరెంటు మీటరు పెట్టెకు పైన, చిన్న పిట్టల జంట ఒకటి గూడు కట్టినది. వానకోయిలవలె కత్తిరెక్కలు, నీలి మెరుపు వీపు, తెల్లని పొట్ట. మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నా వాటికి జంకు లేదు. వీటి దాయాదులు బారాటాంగ్ వంటి దీవుల గుహలలో కేవలం తమ లాలాజలంతో తెల్లని గూళ్ళు కట్టుకొంటవి. విదేశాలలో ఆ గూళ్ళతో సూపు చేసికొని త్రాగుతారట. ఆ వ్యాపారం మూలాన ఆ పక్షికి పెద్ద ముప్పే వచ్చినది. మెట్ల క్రింది జంటకు అటువంటి విలువ లేకపోవుట దాని అదృష్టం. గూట్లో పిల్లలు ఉన్న రోజులలో ఫ్లాష్ వెలిగించి తీయుమని బసలోని మిత్రులు కొందరు ప్రోత్సహించినారు. మేము తీయలేదు. గూటి దగ్గర నిలబడి తీసే చిత్రం సులువైనది. దాని ఖర్చు పక్షి ఖాతాలో పడుతుంది.

జెట్టీ ఎదుట రేవుకు ఆవలి ఒడ్డున ఒక పచ్చని కొండ కనపడుతుంది. నిన్నమొన్నటి వరకు దాని పేరు మౌంట్ హ్యారియెట్. 1891 నాటి ఆంగ్ల-మణిపూర్ యుద్ధంలో పట్టుబడిన మణిపూర్ వీరులను ఇక్కడ నిర్బంధించిన జ్ఞాపకార్థం 2021లో దానిని మౌంట్ మణిపూర్ అన్నారు. పాత పేరు రాబర్ట్ టైట్లర్ అనే సైనికాధికారి భార్యది. టైట్లర్ 1862 నుంచి 1864 వరకు ఈ వలస స్థావరానికి పాలనాధికారి. ఈ దంపతుల కథ మా వంటివారికి ఆసక్తికరమైనది. 1857 తిరుగుబాటు ముగిసిన వెంటనే ఢిల్లీ, లక్నో, కాన్పూరు నగరాల శిథిలాలను వీరు పెద్ద గాజు పలకలపైనా, కాగితపు ప్రతులపైనా వందలాదిగా చిత్రించినారు. టైట్లర్ పక్షిశాస్త్రజ్ఞుడు కూడా. అండమాన్ అడవులలో తప్ప మరెక్కడా లేని పొడవుతోక పిట్ట ఒకటి ఉన్నది; కాకి కుటుంబం, బూడిద తల, పసుపుపచ్చ కన్ను. దానిని 1863లో శాస్త్రలోకానికి తొలుత వర్ణించి పేరు పెట్టినది ఆయనే.

అనగా కెమెరా పట్టడం, పక్షిని గుర్తించడం రెండూ తెలిసిన మనిషి 160 ఏళ్ళ క్రిందట ఇదే రేవులో ఉన్నాడు. అయినా ఆ కాలపు పద్ధతిలో చెట్టు మీద ఎగిరే పిట్టను చిత్రించుట కుదిరే పని కాదు. ఒక్క చిత్రానికి సెకన్ల తరబడి వెలుతురు కావలెను. రాతి కట్టడం కదలదు, పక్షి కదలుతుంది. కనుక పక్షికి తుపాకి, కట్టడానికి కెమెరా. 1873లో వచ్చిన ఏ.ఓ. హ్యూమ్ గారు, అనగా పన్నెండేళ్ళ తరువాత కాంగ్రెసు మహాసభకు మూలపురుషుడైన ఆయనే, ఈ దీవుల పక్షుల గురించి సుదీర్ఘంగా వ్రాసినది కూడా చర్మాలు సేకరించే. మనము ఈనాడు సెకనులో వెయ్యోవంతు వేగాన్ని ఏమంత విశేషం కానట్లు వాడుతున్నాము. తుపాకి పని కెమెరాకు అప్పగించినది ఆ వేగమే.

ఆనాటి కెమెరాకు మరొక పని కూడా ఉండినది. 1890ల నాటికి పోర్ట్‌మన్ అనే అధికారి అండమాన్ ఆదివాసులను వరుసగా నిలబెట్టి, ముందునుంచి, ప్రక్కనుంచి, లండను మ్యూజియం కొరకు చిత్రాలు తీసినాడు. ఆ సమయంలోనే వారు అంటువ్యాధులతో అంతరించిపోతున్నారు. అందుచేత నేటి నిబంధనను మేము పూర్తిగా సమర్థిస్తాము. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వద్ద వాహనాలను వరుస కట్టించి, కాపలాతో జరవా అభయారణ్యం గుండా పంపుతారు. ఆదివాసుల రక్షణకు 1956లో చేసిన నిబంధనావళిని 2012లో సవరించి శిక్షలను కఠినం చేసినారు. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు. మేము బారాటాంగ్ పోయిన దినాన, ఆ దారి మధ్యలో, టైట్లర్ వర్ణించిన ఆ పొడవుతోక పిట్ట రోడ్డు ప్రక్క కొమ్మమీద, జీపు కిటికీకి పది అడుగుల దూరాన, ఉదయపు ఎండలో కూర్చుండి ఉన్నది. పక్షిని తీస్తే తప్పేమి అని డ్రైవరు కుర్రవాడే అన్నాడు. కెమెరా సంచి అడుగున ఉన్నది, అక్కడనే ఉండినది. ఆ పిట్ట చిత్రం మా వద్ద ఈనాటికీ లేదు. పన్నెండు చిత్రాలలో అది ఏది అని అడిగిన మిత్రులకు ఇదే జవాబు.

రాస్ దీవి, ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌లో చుక్కల జింకలు మనుషుల చేతి నుంచి బిస్కెట్లు తింటవి. పిల్లలకు ఆనందమే. ఛాయాచిత్రంగా మాకు ఆసక్తి కలుగలేదు. ఈ జింకలు అండమానువి కావు. వేట వినోదానికై తెల్లదొరలు తెచ్చి వదలినవి. పులి గాని చిరుత గాని లేని దీవులలో అవి విస్తరించి మొలకలను మేసివేస్తున్నవని అటవీ శాస్త్రజ్ఞుల ఫిర్యాదు.

చిడియా టాపు పేరులోనే పక్షి ఉన్నది. ఊరికి దక్షిణంగా 25 కిలోమీటర్లు. సూర్యాస్తమయం చూచుటకు జనం సాయంత్రం పోతారు. పక్షులకై పోయేవారు చీకటితో బయలుదేరవలెను. అక్కడ మాకు మిక్కిలి వింతగా తోచినది జెముడుకాకి. మన పల్లెలలో జెముడుకాకి అనగా నల్లని ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు. ఇక్కడిది ఒళ్ళంతా లేత గోధుమరంగు. కూత మాత్రం మన కంచెల దగ్గర వినే ఆ గంభీరమైన "ఊప్ ఊప్" ధ్వనికి చుట్టమే. మా శ్రీమతి కళ్ళు మూసుకొని విని, "ఇది మన ఊరి పక్షే, చొక్కా మార్చుకొన్నది" అన్నది. ఆమెకు చెవి, మాకు కన్ను. ఇద్దరం కలిస్తే గాని అడవిలో ఒక పక్షి పూర్తి కాదు. బొగ్గునలుపు ఒంటికి ఎర్రని తలపాగా చుట్టినట్లుండే పెద్ద వడ్రంగిపిట్టను కూడా ఆమె చెవే పట్టినది. అదీ ఈ దీవులకే పరిమితం.

అక్కడ ఒక విషయం మమ్ము బాధించినది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక బృందం చిన్న స్పీకరులో గుడ్లగూబ కూతను పదే పదే వినిపించి దానిని బయటికి రప్పిస్తున్నారు. తన సరిహద్దులోకి మరొకటి చొరబడినదని భ్రమించి ఆ పక్షి వస్తుంది, రోషంతో అరుస్తుంది, చిత్రం దొరుకుతుంది. ఒకనాడు ఒకరు చేస్తే ఏమో గాని, యాత్రల ఋతువంతా దినానికి నాలుగు బృందాలు అలాగే చేస్తే ఆ గూబ తిండి ఎప్పుడు వెదకుకొంటుంది, పిల్లలను ఎప్పుడు చూచుకొంటుంది? వారితో మాట్లాడినాము. ఇద్దరు విన్నారు, ఒకరు నవ్వినారు.

ఇక సిప్పీఘాట్. దానిని గురించి కొంత వివరంగా వ్రాయవలెను.

జెట్టీ ఎదుటి టీ దుకాణంలో మాకు ఒక పెద్దమనిషి పరిచయమైనారు. డాక్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. టెక్కలి ప్రాంతపు పల్లెనుంచి ఇరవై ఏళ్ళ వయసులో ఓడ ఎక్కినారట. ప్రతి ఉదయం మా సంచిని, మూడు కాళ్ళ స్టాండును పరిశీలనగా చూచేవారు. వారం గడిచిన తరువాత ఒకనాడు, "బాబూ, పిట్టలే తీస్తారా, ఇంకేటైనా తీస్తారా?" అని అడిగినారు. పిట్టలేనని చెప్పాము. "అయితే సిప్పీఘాట్ రండి, ఆదివారం నేను తీసుకెళ్తాను" అన్నారు.

సిప్పీఘాట్ ఊరికి పధ్నాలుగు కిలోమీటర్లు. రోడ్డుకు రెండు ప్రక్కలా విశాలమైన లోతులేని నీరు. మొసళ్ళు ఉన్నవి జాగ్రత్త అని ఒక బోర్డు. నీటిలో తలలు లేని కొబ్బరి మొండేలు స్తంభాలవలె నిలిచి ఉన్నవి. వాటి మీద లకుముకి పిట్టలు. బురద అంచున ఉల్లంకి పిట్టలు, తెల్లకొంగలు. దూరాన ఒక గుంపు గోధుమరంగు బాతులు. దుర్భిణిలో చూచేసరికి మా చేతులు వణికినవి. కంటి చుట్టూ తెల్లని వలయం: అండమాన్ పరజలు. కొల్లేటి రైతులు పరజలు అనే చిన్న బాతుల కుటుంబమే గాని, ఈ జాతి ముఖ్యంగా ఈ దీవులలోనే ఉన్నది. లోకంలో మొత్తం కలిపి కొన్ని వందల నుంచి వెయ్యి చిల్లర వరకు ఉండవచ్చునని అంచనా. ఆ ఉదయం మా ఎదుట ఇరవై మూడు ఉన్నవి.

నలభై నిమిషాలు మేము మాట్లాడలేదు. పెద్దాయన రాయి మీద కూర్చుండి బీడీ వెలిగించుకొనక ఓపికగా ఉన్నారు, పొగకు పక్షులు బెదరునేమోనని. పాటు సమయం, నీరు మెల్లగా దిగుతున్నది. పరజలు నీటి నడుమ ఒక బురద గీత మీదికి ఒకటొకటిగా ఎక్కి నిలిచినవి. చట్రంలో పెట్టి చూస్తుంటే ఆ గీత మరీ తిన్నగా ఉన్నది. నలభై గజాలు పోయి లంబకోణంలో మలుపు తిరిగినది. ముప్పై ఏళ్ళు డ్రాయింగులు చూచిన కన్నుకు అది ఊరక పోనివ్వదు. సముద్రం లంబకోణాలు గీయదు. అదేమిటని అడిగినాము.

"అది మా మడి గట్టు బాబూ," అన్నారు ఆయన.

2004 డిసెంబరు 26 అనగానే మనకు అలలు గుర్తుకు వస్తవి. అల వచ్చినది, పోయినది. దక్షిణ అండమానులో పోనిది మరొకటి ఉన్నది. ఆనాటి 9.1 తీవ్రత గల భూకంపానికి ఈ దీవుల సముదాయం అంతా పలక తిరిగినట్లు ఒరిగినది. ఉత్తర అండమాన్ తీరాలు పైకి లేచి పగడపు దిబ్బలు నీటి పైకి వచ్చినవి. దక్షిణాన, ఈ రాజధాని ప్రాంతంలో, నేల దాదాపు ఒక మీటరు క్రుంగినది. ఒక మీటరు అనగా మనకు డ్రాయింగు మీద చిన్న సవరణ. సముద్రమట్టానికి మూరెడు ఎత్తున ఉన్న వరిపొలానికి అది శాశ్వతమైన తీర్పు. సిప్పీఘాట్ పొలాలలోకి నాటి నుంచి రోజుకు రెండుసార్లు పోటు వస్తున్నది. కొబ్బరి చెట్లు ఉప్పుకు నిలువునా ఎండినవి. ఆ లోతులేని నీటిలో, ఆ బురదలో పురుగూ చేపా చేరినవి. వాటికై పక్షులు చేరినవి. నేడు పక్షుల ఫొటోలకై అండమాన్ వచ్చినవారు చూడకుండా పోని తావులలో అది ఒకటి.

ఆయన చెప్పినది ఆయన మాటలలోనే వ్రాస్తాము. "ఉద్యోగంలో ఉండగానే ఎకరంన్నర కొన్నాను బాబూ. వరి ఒక కారు. కోత అయ్యాక బెండ, ఆనప, వంగ. ఆదివారం వచ్చీవోళ్ళం, ఇంటిల్లిపాదీ. సునామీ నీరు ఆ పూటకి వచ్చింది, పోయింది. ఉప్పు కడుక్కుంటే రెండేళ్ళకి మళ్ళీ పండుతాదని అనుకున్నాం. వానలు పడ్డాయి. కానీ పోటు మానలేదు. పున్నమికి, అమాస్యకి ఇంకా ఎక్కువ. భూమే కిందకి దిగిపోయిందని తరవాత ఆఫీసర్లు సెప్పారు. దిగిపోయిన భూమిని ఎవుడు ఎత్తుతాడు?"

పరిహారం సంగతి ఆయన ఎత్తలేదు, మేము అడుగలేదు. అప్పుడు ఈ పక్షులు ఉండేవా అని అడిగినాము. కొంగలు ఉండేవి గాని ఈ బాతులు ఇన్ని లేవు అన్నారు. సంభాషణ మార్చుదామని తేలినీలాపురం ప్రస్తావన తెచ్చాము. టెక్కలి మండలంలోని ఆ పల్లెకు ఏటా వలస వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఊరివారు ఇంటి ఆడపడుచులవలె చూచుకొంటారు. అవి వస్తే పంట బాగుంటుందని నమ్మకం. ఆయనకు ఆ ఊరు బాగా తెలుసును. కొంచెం నవ్వి, "అక్కడ పిట్టలు సెట్టు మీద ఉంటాయి బాబూ, మడి మనిషికే ఉంటాది" అన్నారు.

ఛాయాగ్రహణ పుస్తకాలన్నీ ఒక మాట చెబుతవి: పక్షి వెనుక దృశ్యం శుభ్రంగా ఉండవలెను, అడ్డుగోడ, తీగ, మొండెం వంటివి చట్రంలోకి రానీయరాదు. పెద్ద లెన్సు చేసే మేలు అదే, పక్షిని లోకంనుంచి వేరు చేసి మెత్తని రంగుల పరుపు మీద నిలబెడుతుంది. అటువంటి చిత్రాలు ఆ ఉదయం అరవై తీశాము, వాటిలో రెండు మంచివి. తరువాత లెన్సు మార్చి చిన్నది తగిలించాము. పరజలు గోధుమ గింజలంత అయినవి. గట్టు పొడవునా, మలుపుతో సహా చట్రంలోకి వచ్చినది. కొబ్బరి మొండేలు వచ్చినవి. కుడిచివర రాయి మీద పెద్దాయన వీపు కూడా కొంత పడినది. పక్షుల పోటీలకు పంపదగినది కాదు. క్లబ్బు గోడ మీద మధ్యన పెద్దదిగా తగిలించినది అదే.

దాని క్రింద మేము వ్రాసిన వరుస ఇది: "అండమాన్ పరజలు, సిప్పీఘాట్. 2004 డిసెంబరు 26 వరకు వరిపొలం." పక్షుల ప్రదర్శనలో పొలం సంగతి దేనికి, చూచేవారి మనస్సు కష్టపడుతుంది గదా అని క్లబ్బు మిత్రులు ఒకరు సద్భావంతోనే అన్నారు. వరుస తీసివేయుటకు మేము ఒప్పుకొనలేదు. ఆ పరజలకు రక్షణ కావలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది, ఆ నీటిని పూడ్చివేయకుండా కాపాడవలెనని కోరేవారూ ఉన్నారు, మేమూ ఆ కోవలోని వారమే. ఆ గట్టు ఎవరిదో చెప్పుట వలన పక్షికి ఏ నష్టమూ లేదు.

మన టౌన్‌షిప్ పిల్లలు కొందరు కెమెరాలు కొనిపించుమని తల్లిదండ్రులను వేధిస్తున్నట్లు విన్నాము. కొనకముందు దుర్భిణి ఒకటి కొనుడు. పంపుహౌసు వెనుక చెరువు దగ్గర ఒక శీతాకాలమంతా ఉదయాన కూర్చుండి, ఏ పక్షి ఎన్ని గంటలకు వస్తుందో, ఎక్కడ వాలుతుందో నోటు పుస్తకంలో వ్రాసుకొనుడు. మన చెరువులో లకుముకి పిట్ట ప్రతిదినం ఒకే ఇనుపకడ్డీ మీద వాలుతుంది. ఆ సంగతి తెలిసినవారికి ఖరీదైన లెన్సు సగం అనవసరం.

సిప్పీఘాట్ చిత్రాన్ని పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల సైజులో వేయించి ఫీనిక్స్ బేకు పోస్టులో పంపించాము. మూడు వారాలకు పెద్దాయన ఫోను చేసినారు. చిత్రం అందినది, మనుమడు చట్రం కట్టించినాడు, గోడకు పెట్టుకొన్నారు. "గట్టు బాగా పడ్డాది బాబూ. ఆ మలుపు దగ్గరే మా యావిడ కూకొని సద్ది తినీది. నుయ్యి ఒక్కటి పడలేదు. నీరు మీదుండిపోయింది గదా. అమాస్య పాటుకి పై వర బయటపడతాది. ఈసారి వచ్చీటప్పుడు అమాస్య సూసుకొని రండి."

తదుపరి పర్యటన తేదీలు ఇంకా ఖరారు కాలేదు. పోటుపాటుల పట్టిక మాత్రం తెప్పించుకొన్నాము.